కొక్కెర తెగులును కనిపెట్టు విధము

పల్లెయందలి బీదకుటుంబమునకు పెరటికోళ్లే చేతిలోని రొక్కము. అవి యొకనాడు నోరు తెఱచి రొప్పుచు, పచ్చగా పాఱుచు, మెడ మెలివడి కూలినచో "కొక్కెర తెగులు తగిలినది" అందురు. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. బర్డ్ ఫ్లూ సోకిన కోళ్లును ఇంచుమించుగా నిట్లే చచ్చును. కంటిచూపుతో ఈ రెంటిని వేఱుపఱుప వీలులేదు.

కొక్కెర తెగులు 1926వ సంవత్సరమున జావా ద్వీపమునందును, ఇంగ్లండునందలి న్యూకాజిల్ పట్టణమునందును బయలుపడెను. మన దేశమున రాణీఖేతునందు కానవచ్చిన దానిని ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు 1928లో వర్ణించెను. అందుచే దీనికి రాణీఖేతు వ్యాధియనియు పేరు కలిగెను. దీనికి కారణము వైరసు. అది సామాన్యమైన సూక్ష్మదర్శినికి అగపడదు. జీవకణములలోనే గాని వృద్ధిపొందదు.

కావున పరీక్షాశాలవారు కోడిగ్రుడ్డునే దానిని పెంచు పాత్రగా గైకొందురు. రోగపక్షి గొంతునుండియు మలద్వారమునుండియు దూదిపుల్లతో తీసిన ద్రవ్యమును చల్లగా నుంచి తెచ్చి, బాక్టీరియాల నణచు మందు కలిపి, 9 మొదలు 11 దినములవఱకు పొదిగిన గ్రుడ్డులోనికి సూదితో నెక్కింతురు. కొన్ని దినముల పిమ్మట గ్రుడ్డులోని ద్రవమును తీసి, కోడినెత్తుటి ఎఱ్ఱకణములతో చిన్నగుంటల పలకలో కలుపుదురు. ఇట్టి వైరసు లేనిచో కణములు అడుగున ఎఱ్ఱని బొట్టువలె దిగును. ఉన్నచో ఒకదానినొకటి అంటుకొని పలుచని పొరవలె పఱచుకొనును. ఇన్‌ఫ్లుయెంజా వైరసునకు గల ఈ గుణమును హర్‌స్టు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1941లో వెల్లడించెను.

అయినచో ఈ రెండు వైరసులలో అది ఏది? దీనిని తేల్చుటకు కొక్కెర వైరసు నడ్డగించు సీరమును ముందుగా ద్రవమునకు చేర్చి, పిదప ఎఱ్ఱకణములను కలుపుదురు. అంటుకొనుట ఆగిపోయినచో దోషి కొక్కెర వైరసే. నేడు పి.సి.ఆర్. అను పరీక్ష, గ్రుడ్డుతో పనిలేకయే, వైరసు యొక్క జన్యుపదార్థమును కొన్ని గంటలలోనే పట్టియిచ్చుచున్నది. అయినను టీకాలోని సాధువైరసు కూడ ఈ పరీక్షలకు చిక్కును. కావున దొరకినది ప్రాణాంతకమైనదా కాదా యని మఱల విచారింపవలసియుండును.

పేరు తెలిసిన నేమి ప్రయోజనమందురా? కొక్కెర తెగులు సోకిన పిమ్మట మందు లేదు. ముందు వేయించిన టీకాయే రక్ష. బర్డ్ ఫ్లూ అన్ననో మనుష్యులకును సోకగలదు. అందుచే మంద నంతయు తొలగింపవలసివచ్చును. అట్టి అనుమానము కలిగినపుడు నమూనాలు భోపాలునందలి ప్రత్యేక పరీక్షాశాలకు పోవును. కావున కోళ్లు వరుసగా చచ్చునపుడు వానిని చెఱువులో పాఱవేయుటగాని, చౌకగా నమ్ముటగాని, కోసికొని తినుటగాని తగదు. పశువైద్యునకు వెంటనే కబురంపుడు. ఒక్క కోడికి సరియైన పరీక్ష జరిగినచో ఊరిలోని కోళ్లన్నియు దక్కవచ్చును.