వార్తల్లో పదం: నాలుగు స్తంభాలు

వియత్నాంలో అత్యున్నత పదవులు నాలుగు: కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, దేశాధ్యక్షుడు, ప్రధానమంత్రి, జాతీయ అసెంబ్లీ అధ్యక్షుడు. అధికారమంతా ఒక్కరి గుప్పిట్లోకి పోకుండా వీటిని నలుగురికి పంచే ఆనవాయితీ ఉండేది. వీటినే ‘నాలుగు స్తంభాలు’ అంటారు. అందరిలోకీ బలవంతుడు ప్రధాన కార్యదర్శే.

ప్రతిపక్షమే లేని దేశం కాబట్టి కుర్చీల కోసం పోరు పార్టీ లోపలే సాగుతుంది. అక్కడ అస్త్రం ఓటు కాదు, అవినీతి కేసు. ప్రధాన కార్యదర్శి న్గుయెన్ ఫూ చోంగ్ నడిపిన అవినీతి వ్యతిరేక ఉద్యమానికి ‘మండే కొలిమి’ అని పేరు. 2023 జనవరిలో అధ్యక్షుడు న్గుయెన్ సువాన్ ఫుక్, 2024 మార్చిలో ఆయన స్థానంలో వచ్చిన వో వాన్ థూంగ్, మరుసటి నెలలో అసెంబ్లీ అధ్యక్షుడు వూంగ్ దిన్ హ్యూ వరసగా తప్పుకున్నారు. థూంగ్ పదవిలో ఉన్నది ఏడాది పైచిలుకే. ఆయన చేసిన తప్పేమిటో పార్టీ వివరంగా చెప్పనే లేదు, నిబంధనలు ఉల్లంఘించారంటూ సరిపెట్టింది. దేశాధ్యక్షుణ్ని దింపేసి ప్రజలకు ఇంతే చెప్పడం అన్యాయం.

ఆ రోజుల్లో పోలీసు వ్యవస్థను నడిపే ప్రజాభద్రత శాఖకు మంత్రి తో లామ్. 2024 మేలో ఆయనే అధ్యక్షుడయ్యారు. జులైలో చోంగ్ మరణించాక ఆగస్టు 3న ప్రధాన కార్యదర్శి కూడా అయ్యారు. అధ్యక్ష పదవిని అక్టోబరులో సైన్యానికి చెందిన లువోంగ్ కువోంగ్‌కు అప్పగించారు.