పాట పుస్తకంలోకొచ్చింది, డప్పు బయటుండిపోయింది

పొదిలి చుట్టుపక్కల మాదిగపల్లెల్లో డప్పుకి ఒక్కటే మోత లేదు. జాతరకొక దరువు, పెళ్లికొకటి, చావుకొకటి, చాటింపుకొకటి. చట్రానికి చింతపిక్కల జిగురుతో తోలు బిగించి, మంట దగ్గర కాచి, ఒక చేత సిర్ర, ఇంకో చేత చిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. కాక తగ్గితే మోత దిగిపోద్ది, మళ్లీ కాచాలి. శ్రుతి చేయడమంటే ఇదే గదా! ఈ మాటంటే నవ్విన సంగీత పండితుల్ని మేం చూశాం.

విశ్వవిద్యాలయంలోకి శ్రామికుల పాట సంగీత శాఖ గుండా కాదు, తెలుగు శాఖ గుండా వచ్చింది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద చేసిన పరిశోధన 1958లో పుస్తకమైంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్లులో ఉంది. ఈ కృషిని తక్కువ చెయ్యలేం. అది లేకపోతే మాలాంటి వాళ్లం ఈ విషయం మీద పరిశోధనకి అర్జీ పెట్టుకునేవాళ్లమే కాదు. అయితే సాహిత్య శాఖ గనక ముందు మాటల్ని రాసుకుంది. మాటల్లేని దరువు చాలావరకు కాగితం మీదికి రాలేదు. వాయించినవాడికి ఏం ముట్టిందన్న ప్రశ్నా రాలేదు.

పడమటి దేశాల్లో ఇంకో దారి పడింది. రికార్డులు, రేడియో, రాక్ పాటలు చదువుకి పనికొస్తాయని వాదించినవాళ్లు 1981లో అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. అదే ఏడు కేంబ్రిడ్జి నించి 'పాపులర్ మ్యూజిక్' పత్రిక మొదలైంది. 1988లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో దీనికోసమే ఒక సంస్థ వెలిసింది. పాట ఎవరమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ఎవరు తమదనుకుంటున్నారు అని వాళ్లడిగారు. మనకి పనికొచ్చే ప్రశ్నలే. కేసెట్ల కాలం నాటి గద్దర్ పాటకీ, చర్చి మైకులో కీర్తనకీ, మిరపకోతలకి పోయే ట్రాక్టర్లో మోగే పాటకీ అవి సరిపోతాయి. చావుడప్పుకి సరిపోవు. అక్కడ అమ్మకం లేదు, కొనుగోలు లేదు. కులం చెప్పిన వెట్టి ఉంది.

ఆ డప్పే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఉద్యమం పేరైంది: మాదిగ దండోరా. ఊరి చాటింపు కోసం కొట్టిన చెయ్యి తన హక్కు కోసం కొట్టింది. సంగీతం అర్థం ఎట్లా మారుద్దో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ సిలబస్‌లో దొరుకుద్ది?

పొదిలి దగ్గర దరువులు రికార్డు చేస్తుంటే ఒక పెద్దాయన అన్నీ వాయించి, చావు దరువు మాత్రం కొట్టనన్నాడు. మానేసి చాలా ఏళ్లయిందన్నాడు. దాన్ని సేకరణలో లోపంగా చూపాలా, సమాచారంగా చూపాలా అని మాలో మేం వాదించుకున్నాం. చివరికి సమాచారంగానే రాశాం.