మంచుబండికి లాడాలు

ఎద్దుకు లాడాలు కొట్టడం మన పల్లెల్లో పెరిగినవాళ్ళకు కొత్త సంగతి కాదు. ఎద్దును పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, గిట్టకు ఇనుపరేకు అమర్చి మేకులు దిగేస్తారు. కంకర రోడ్డుమీద గిట్ట అరిగిపోకుండాను, బరువు లాగేటప్పుడు కాలు జారకుండాను ఆ ఏర్పాటు. కాని రబ్బరు పట్టామీద నడిచే మోటారుబండికి కూడా లాడాలు కొడతారంటే మీరు నమ్ముతారా? అమెరికాలో మేముండే మిన్నసోటా రాష్ట్రం ఉత్తరభాగంలో ఏటేటా శీతాకాలం మొదట్లో జరిగే పనే అది. ఆ పని దగ్గరుండి, నా చేతులతో చేశాను గనుక దాని మంచిచెడ్డలు చెప్పగలను. మీ పిల్లలో, చుట్టాలో ఇలాంటి చలిదేశాల్లో ఉంటే ఈ సంగతులు తెలిసివుండడం మంచిదే.

ఏమిటీ బండి?

దీన్ని స్నోమొబైలు అంటారు. ముందు భాగాన చక్రాలకు బదులు రెండు స్కీలుంటాయి. హాండిలు తిప్పితే అవి పక్కకు తిరుగుతాయి. వెనక భాగాన వెడల్పాటి రబ్బరు పట్టా ఒకటి, యుద్ధటాంకు పట్టా మాదిరి, గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ పట్టాకు అడ్డంగా వరుసలు వరుసలుగా రబ్బరు పళ్ళుంటాయి. మెత్తని మంచులో ఆ పళ్ళు దిగి బండిని ముందుకు తోస్తాయి.

ఈ బండి వెనక ఒక విషాదగాథ ఉంది. కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని వాల్కూర్ అనే ఊళ్ళో జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్కు ఉండేవాడు. 1934 శీతాకాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కు జబ్బు చేసింది. ఆస్పత్రికి తీసుకుపోదామంటే దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఉన్నాయి. పిల్లవాడు దక్కలేదు. మంచుమీద నడిచే బండికోసం అంతకుముందునుంచే తంటాలు పడుతున్న ఆ తండ్రి ఇంక పట్టు వదలలేదు. పంటిచక్రం, పట్టా ఏర్పాటుకు 1937లో పేటెంటు సంపాదించి, ఏడుగురు కూర్చునే మంచుబండి తయారుచేశాడు. ఒకరిద్దరు ఎక్కే చిన్నబండి, స్కీడూ, 1959లో వచ్చింది. మా రాష్ట్రంలోనే రోజో అనే చిన్న ఊళ్ళో పొలారిస్ కంపెనీ కూడా 1950లలోనే ఈ బండ్లు చేయడం మొదలుపెట్టింది.

పోవడం సరే, ఆగడం?

మెత్తని మంచులో ఈ బండికి ఏ లోటూ లేదు. గడ్డకట్టిన చెరువు మీదికి వచ్చేసరికి కథ మారుతుంది. గాలి మంచుపొడిని ఊడ్చేసిన చోట గాజుపలకలాంటి గడ్డ మిగులుతుంది. దానిమీద రబ్బరు పళ్ళు నిలవవు. ఎండ తగిలి పైన పల్చగా నీరు పట్టిందంటే చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడ ఒక కీలకం గమనించండి. ఈ బండికి బ్రేకు పనిచేసేది పట్టా మీద మాత్రమే. ముందున్న స్కీలకు బ్రేకు లేదు. అంచేత పట్టా జారిందంటే బ్రేకు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. పట్టా ఆగిపోతుంది, బండి మాత్రం సాగిపోతూనే ఉంటుంది!

మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. ఈ దేశంలోనే పుట్టి పెరిగింది. దాని స్నేహితురాలి ఇల్లు చెరువుకు అవతలి గట్టున ఉంది. రోడ్డున పోతే చుట్టుదారి. గడ్డమీద పోతే ఎదురుగానే. నాలుగేళ్ళపాటు డబ్బు కూడబెట్టుకుని పాతబండి ఒకటి కొనుక్కుంది. మా ఆవిడ దానిచుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, “ఏమండీ, ఇది పోతుందా అని నేనడగడం లేదు. ఆగుతుందా?” అన్నది. ఈ బండిని గురించి అంతకంటే తెలివైన ప్రశ్న ఇంతవరకు నేను వినలేదు.

ఆ ప్రశ్నకు జవాబే లాడాలు. అవి వేగంకోసం అనుకుంటారు కుర్రవాళ్ళు. నిజానికి వాటి ముఖ్యప్రయోజనం ఆపడానికీ, అదుపు తప్పకుండా ఉంచడానికీ.

ఎన్ని? ఎంత పొడుగు?

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. బండ్లు బాగుచేసే పనిలో జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆయనను సలహా అడిగాం.

“రెండువందలు కొట్టేద్దాం, గట్టిగా పట్టుకుంటుంది” అన్నది మా అమ్మాయి.

“ఎందుకమ్మాయీ? ప్రతి మేకుకూ పట్టాకు ఒక చిల్లి పడుతుంది. చిల్లులెక్కువైతే పట్టా బలం తగ్గుతుంది. పట్టా బరువెక్కితే ఇంజను దాన్ని తిప్పలేక అవస్థపడుతుంది” అన్నాడాయన.

మామూలు దారుల్లో తిరిగే బండికి హార్సుపవరు ఒకటికి సుమారు మేకు ఒకటి చొప్పున లెక్కవేసుకోవడం ఇక్కడివారి ఆనవాయితీ. మా అమ్మాయి బండి పట్టా చుట్టుకొలత 137 అంగుళాలు. పళ్ళవరుసకు వరుసకు మధ్య దూరం 2.86 అంగుళాలు. అంటే మొత్తం 48 వరుసలు. వరుసకు రెండు చొప్పున 96 మేకులు. దాని ఇంజనుకు అవి సరిగ్గా సరిపోతాయి. ఇంకా పెద్ద ఇంజనైతే వరుసకు మూడు చొప్పున 144 పెడతారు.

పొడుగు సంగతికి వస్తే, మేకు మొన రబ్బరు పంటికంటే 1/4 అంగుళం నుంచి 3/8 అంగుళం వరకు పైకి ఉండాలి. అంతకు తగ్గితే గడ్డను అందుకోదు. మించితే మీటలాగా పనిచేసి, వంగి, మొదట్లో రబ్బరును చీల్చుకుని ఊడివస్తుంది. అందుకే లోతైన మంచుకోసం చేసిన పొడుగాటి పళ్ళ పట్టాలకు ఈ లాడాలు పనికిరావు. మేకు మొనకు టంగ్‌స్టన్ కార్బైడు ఉంటే చాలాకాలం అరగదు. ఉత్తి ఉక్కు మొన చవక, కాని మట్టిదారి, రోడ్డు తగిలినప్పుడల్లా మొద్దుబారిపోతుంది.

మేకుల్లో ఇంకో రకం కూడా ఉంది. చిల్లి పెట్టకుండా రబ్బరు పంట్లోకే మరలా బిగించేది. పొట్టిది, పని సులువు. అప్పుడప్పుడు గట్టిమంచు తగిలే దారులకు అది చాలు. చెరువు దాటేవాళ్ళకు మాత్రం పట్టాలోంచి ఆరపార వచ్చే మేకే మేలని పెద్దాయన తీర్మానించాడు.

బిగించే పద్ధతి

కొత్త పట్టాకు వెంటనే చిల్లులు పెట్టకూడదు. కొన్ని వందల మైళ్ళు తిరిగి రబ్బరు సాగి కుదురుకున్న తరువాతనే ఈ పని. మాది పాతబండి గనుక ఆ చిక్కు లేదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, బండి వెనకభాగాన్ని స్టాండుమీదికి ఎత్తాం. పట్టా చేత్తో తిప్పితే తిరగాలి.

మొదటి రోజంతా గుర్తులు పెట్టడంతోనే సరిపోయింది. అట్టముక్కమీద నమూనా గీసుకుని, దాన్నిబట్టి పట్టామీద సుద్దతో చుక్కలు పెట్టాం, మన ఆడవాళ్ళు ముగ్గుకు పెట్టినట్లు. ఈ చుక్కల్లోనే ఉంది కిటుకంతా. ఒక మేకు గీసిన గీతలోనే వెనకవరుస మేకు కూడా పడితే రెండోది దండగ. అది తెగిన చోటనే తెగుతుంది గాని కొత్తగా పట్టదు. అంచేత ఒక్కొక్క వరుసలో కొంచెం కొంచెం పక్కకు జరుపుకుంటూ పోవాలి. కుడిపక్క ఎన్నో ఎడమపక్క అన్ని ఉండాలి, లేకపోతే బండి ఒకవైపుకు లాగుతుంది.

చుక్క పడకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. పట్టా లోపలివైపున చిన్నచక్రాలు, జారుడు కమ్మీలు ఆనే దారి ఒకటి. పంటిచక్రం పళ్ళు దూరే కంతల అంచు రెండోది. రబ్బరులో అడ్డంగా దాగివున్న ఫైబరుగ్లాసు కడ్డీలు మూడోది. కడ్డీకి చిల్లి పడితే పట్టాకు వెన్నెముక విరిగినట్టే. రబ్బరులో గుడ్డ ఒకే పొర ఉన్న పట్టాలకు నడిమిభాగంలో తప్ప అంచుల్లో మేకులు పెట్టరాదు.

చిల్లి పెట్టడానికి మామూలు డ్రిల్లు బిట్టు పనికిరాదు. అది లోపలి గుడ్డ పోగులను లాగి చింపుతుంది. గొట్టంలా ఉండి గుండ్రంగా కోసే బిట్టు విడిగా అమ్ముతారు. మేకుకు వెడల్పాటి తల ఉంటుంది. దాన్ని పట్టా లోపలివైపునుంచి దూర్చి, బయటివైపున అల్యూమినియం బిళ్ళ తొడిగి, ఆపైన వదులుకాని రకం నట్టు బిగించాలి. మేకుతల లోపలి రబ్బరుతో సమంగా కూర్చునేంత బిగువు చాలు. బలముంది గదా అని ఇంకా తిప్పితే రబ్బరు నలిగిపోతుంది. మేకులతోపాటు వచ్చిన కాగితంలో ఎంత బిగించాలో రాసి ఉంటుంది. దానికి తగ్గట్టు బిగువు కొలిచే స్పానరు వాడాం. 96 నట్లు బిగించేసరికి మా అమ్మాయి అరచేతులు బొబ్బలెక్కాయి. “ఇంకో వంద ఉంటే బాగుండునా?” అని అడిగాడు పెద్దాయన నవ్వుతూ.

ముందూ వెనకా సమతూకం

ఇంతటితో పని అయిపోలేదు. పట్టా తిరిగే గూడు పైకప్పులో ఇంజను నీళ్ళు చల్లబడే రేకు ఉంటుంది. మేకులు దానికి తగిలితే చిల్లి పడి నీళ్ళు కారిపోతాయి. అందుకు అడ్డుగా రక్షణకమ్మీలు బిగించాలి.

దానికంటే ముఖ్యమైనది స్కీల సంగతి. వెనక పట్టాకు పట్టు వచ్చి, ముందు స్కీలు మామూలుగానే ఉంటే, హాండిలు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. వెనకనుంచి తోసే బలం ముందున్న స్కీలను లెక్కచేయదన్నమాట. అంచేత స్కీల అడుగున కార్బైడు అంచుగల కడ్డీలు వేయించాలి. వెనక లాడాలు ఎన్ని ఎక్కువైతే ముందు కడ్డీలు అంత పదునైనవి కావాలి. లాడాలు కొట్టించి కడ్డీలు మరిచినవాడు ఆగగలడేమో గాని మళ్ళలేడు.

అంతా అయ్యాక, గట్టిగా గడ్డకట్టిన గట్టుపక్కన మా అమ్మాయి బండి నడిపి చూపించింది. లాడాలు లేనప్పుడు అదే వేగంతో బ్రేకు వేసి ఆగినచోట ఒక కర్ర పాతి ఉంచాం. ఈసారి దానికి సగం దూరంలోనే ఆగింది. మా ఆవిడ ఏమీ అనలేదు గాని, శాలువా సవరించుకుని ఇంట్లోకి కాఫీ పెట్టడానికి వెళ్ళింది. అనుమతి దొరికిందని మాకు అర్థమైంది.

జాగ్రత్తలు

మొదటి 50 మైళ్ళు తిరగగానే నట్లన్నీ మళ్ళీ చూసుకోవాలి. బండి ఎత్తి ఇంజను నడిపేటప్పుడు వెనక ఎవ్వరూ నిలబడరాదు. ఊడిన మేకు తుపాకిగుండులా వస్తుంది. బండి మంచులో కూరుకుపోతే వెనకనుంచి తోయడానికి మనిషిని పెట్టరాదు. లాడాలున్న బండిని మా రాష్ట్రంలో తారు పరచిన ప్రజామార్గాలమీద నడపనివ్వరు. మేకులు రోడ్డును దున్నేస్తాయి గదా. 1976 డిసెంబరు 31 తరువాత పుట్టినవారు ఇక్కడ ఈ బండి నడపాలంటే భద్రతాశిక్షణ పొందిన సర్టిఫికెట్టు ఉండాలి. మా అమ్మాయి అది ముందే సంపాదించింది.

అన్నిటికంటే పెద్దమాట చివరకు చెబుతున్నాను. లాడం జారుడును ఆపుతుంది గాని గడ్డను మందం చేయదు. ఈ బండికి స్వచ్ఛమైన కొత్త గడ్డ 5 నుంచి 7 అంగుళాల మందమన్నా ఉండాలని రాష్ట్ర అధికారుల సూచన. తెల్లగా, మంచుపొడి కలిసి గట్టిపడినదైతే అంతకు రెట్టింపు కావాలి. వాగులు కలిసేచోట గడ్డ పల్చనగా ఉంటుంది. చూపుతో తెలియదు, బరమాతో రంధ్రం చేసి, కొలబద్ద పెట్టి చూడవలసిందే. మా అమ్మాయి చెరువు దాటిన ప్రతిసారీ బండిలో బరమా, తాడు ఉంటాయి. అవతలి గట్టు చేరగానే వాళ్ళమ్మకు ఫోను చేయాలన్నది మా ఇంటి నిబంధన. ఆ ఫోను వచ్చేదాకా పొయ్యిమీద ఏమున్నదీ మా ఆవిడకు గుర్తుండదు.