పొలంలో దిగింది బాంబు కాదు, బుడగ

తెల్లవారుజామున ఆకాశంలో పెద్ద తెల్లటి చుక్క కనబడితే చాలు, మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఫోన్లు మోగిపోతాయి. గ్రహాంతరవాసులట, నిఘా బెలూనట, బాంబట! అది కింద దిగితే ఇంకా నష్టం. జనం మీద పడి పరికరాలు పీకేస్తారు.

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో వింత వాహనం దిగిందని జనం పరుగులు తీశారు. అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే సంస్థ పరీక్షిస్తున్న క్యాబిన్. దాన్ని పైకి మోసింది హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం వదిలిన బుడగ. ఆ కేంద్రం యాభై ఏళ్లకు పైగా ఈ పని చేస్తోంది. మాచర్ల అక్కడికి గాలిదారిన 150 కిలోమీటర్ల లోపే. గాలి ఎటు తోస్తే బుడగ అటే పోతుంది, మన వైపూ రావచ్చు.

మరి తెల్లవారుజామున కనబడే ఆ వెలుగు? 30 కిలోమీటర్ల పైన గాలి ఒత్తిడి నేలమీది దానిలో వందో వంతే. అందుకే కింద నలిగిన సంచిలా వేలాడిన బుడగ పైకి పోయాక పెద్ద గోళమై ఉబ్బుతుంది. మనకింకా చీకటిగా ఉన్నప్పుడే అంత ఎత్తున దాని మీద ఎండ పడుతుంది. అంతే సంగతి. పరిశోధన అయ్యాక బుడగ మోసిన పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి.

1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ చార్లెస్ వదిలిన తొలి హైడ్రోజన్ బుడగ గొనెస్ అనే ఊళ్లో పడితే, రైతులు దయ్యమనుకుని చీల్చి పారేశారు. వాళ్లకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. చేతిలో ఫోన్ పెట్టుకుని మనం అదే పని చేస్తే ఎట్లా?

బుడగల గురించి అపోహలు ఇంకా ఉన్నాయి. నిప్పుతో ఎగిరే బుడగను పొగే లేపుతుందన్నది తప్పు, లేపేది వేడిగాలి. వేడిగాలి బుడగ ఎత్తుకు పోలేదన్నదీ తప్పే. 2005లో విజయ్‌పత్ సింఘానియా ముంబై నుంచి 21 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు.

హైడ్రోజన్ గ్యాస్ బుడగ ప్రమాదం అన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. 1783 నవంబరు 21న మనుషుల్లో మొదటగా ఎగిరిన ఇద్దరిలో ఒకడైన పిలాత్ర్ ద రోజియే, హైడ్రోజన్ బుడగ కింద నిప్పుతో నడిచే బుడగ కట్టుకుని 1785లో కూలి చనిపోయాడు. అందుకే కోటప్పకొండ తిరునాళ్లలో పిల్లలకు గ్యాస్ బూర కొనిస్తే దీపాలకూ బీడీలకూ దూరంగా ఉంచండి.

ఇక పొలంలో పరికరాల పెట్టె పడితే ముట్టుకోవద్దు. కొన్నింట్లో అధిక వోల్టేజీ ఉంటుంది, విప్పితే ఏళ్ల శ్రమ పోతుంది. పిల్లల్నీ గొడ్లనీ అటు పోనివ్వకుండా 112కు చెప్పండి. బుడగ ప్లాస్టిక్ మిరప కల్లానికి పట్టాగా వస్తుందని ఆశపడొద్దు. అది క్యారీబ్యాగ్ కన్నా పలుచన, లాగితే చేతికే చిరిగొస్తుంది.