ఎకోనా, లూపరా?

మెల్‌బోర్న్ వీధుల్లో పాడుతూ ఎదిగిన టాష్ సుల్తానా 2016లో ‘జంగిల్’ వీడియోతో పేరు తెచ్చుకున్న తీరు చూసి, మా అమ్మాయికీ లూప్ పెడల్ కావాలట. వయొలిన్‌కి!

ముందు ఎకో సంగతి చూశాం. బాస్ కంపెనీ 1981లో తెచ్చిన డీఎం-2 అనలాగ్. ఆలస్యం గరిష్ఠంగా 300 మిల్లీసెకన్లు, ప్రతిధ్వని తిరిగొచ్చేకొద్దీ మసకబారుతుంది. 1983 నాటి డీడీ-2 డిజిటల్. 800 దాకా, అద్దంలా స్పష్టం. గమకాలకి నాకైతే ఆ మసకే నచ్చింది. స్పష్టమైన ప్రతిధ్వని తర్వాతి స్వరం మీద పడితే చెవికి గజిబిజి. కానీ సా-పా వాయించి, శ్రుతిలా తిప్పుతూ పైన రాగం వాయించాలంటే అనలాగ్‌కి అంతసేపు గుర్తుండదు, డిజిటల్ లూపరే గతి. పెడల్ తాళం తప్పి నొక్కామా, ఆ తప్పూ తిరుగుతూనే ఉంటుంది. కనీసం తాళమైనా కుదురుతుందని లూపరే కొన్నాం.