ఆకుకూర విటమిన్... క్యాన్సర్‌కి ఎర!

నెల తప్పిందని తెలియగానే డాక్టరమ్మ రాసిచ్చే చిన్న మాత్ర గుర్తుందా? అదే, ఫోలిక్ యాసిడ్! ఆకుకూరల్లో ఉండే ఈ విటమిన్ బిడ్డ వెన్నుపాముకీ, తల్లి రక్తానికీ అవసరమని మనకు తెలిసిందే. ఇప్పుడు దానికి ఇంకో పని అప్పగించారు. ఊపిరితిత్తుల ఆపరేషన్లో క్యాన్సర్ ఎక్కడ నక్కిందో సర్జన్‌కి చూపించే పని!

ఈ మాత్ర మా గోదావరి జిల్లాకి పరాయిదేం కాదు. తాడేపల్లిగూడెం పక్కనే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, స్ప్రూ అనే గ్రహణి జబ్బుకి సొంత అన్నదమ్ములిద్దరిని పోగొట్టుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ స్ప్రూకి అదే మందయింది! క్యాన్సర్ కణాలకి ఈ విటమిన్ ఉపయోగపడకుండా అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి కృషి ఫలితమే.

కొత్త పద్ధతిలో అడ్డుకోవడం కాదు, ఆశపెట్టి పట్టుకోవడం. చాలా ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కణాలు ఫోలేట్‌ని మామూలు కణాల కంటే ఎక్కువగా లాక్కుంటాయి. అందుకే కొల్లేట్లో గాలానికి ఎర గుచ్చినట్టు, ఫోలేట్‌ని పోలిన పదార్థానికి మెరిసే రంగుని జతచేశారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ శాస్త్రవేత్త ఫిలిప్ లో పరిశోధనల నుంచి వచ్చిన ఈ మందు పేరు పాఫొలాసయనిన్. ఊపిరితిత్తుల ఆపరేషన్‌కి గంట నుంచి 24 గంటల ముందు నరంలోకి ఎక్కిస్తారు. కంటికి కనబడని పరారుణ కాంతి వేసి ప్రత్యేక కెమెరాతో చూస్తే, గడ్డ తెరమీద మెరుస్తుంది. చిన్న గడ్డల్ని సర్జన్లు వేళ్లతో తడిమి పోల్చుకుంటారు. చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్లో ఆ వీలు తక్కువ. అక్కడే ఈ వెలుగు అక్కరకొస్తుంది.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్‌కీ, 2022 డిసెంబరులో ఊపిరితిత్తులకీ అనుమతించింది. అండాశయ క్యాన్సర్ పరీక్షల్లో 134 మంది స్త్రీలను చూస్తే, 26.9 శాతం మందిలో కంటికీ చేతికీ దొరకని గడ్డ ఒకటైనా బయటపడింది. అలాగని మెరిసిందల్లా క్యాన్సర్ కాదు, ముక్క తీసి పరీక్షించాల్సిందే. బాగా లోతున ఉన్నది మెరవకపోవచ్చు కూడా. ఇంకో సంగతి... ఈ మందు ఎక్కించే ముందు 48 గంటలు ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానాలి. లేకపోతే ఎర పట్టుకోవాల్సిన చోట మాత్రే కూర్చుంటుంది!

ఇంత చేసినా ఈ వెలుగు ఆపరేషన్ బల్ల దాకా వెళ్లగలిగినవాళ్లకే. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలామందిలో ఆపరేషన్‌కి వీల్లేనంత ముదిరాకే బయటపడుతోంది. చుట్ట, బీడీ ముట్టని ఆడవాళ్లకీ ఇది వస్తుంది. కొల్లేటి లంకల్లో కట్టెలు, పిడకల పొయ్యి ముందు ఏళ్లు గడిపిన అమ్మమ్మలు ఎందరో! దగ్గితే "పొగ పట్టిందిలే" అని వాళ్లే సర్దుకుంటారు. ఇంట్లోవాళ్లమూ ఊరుకుంటాం.

దగ్గు రెండు మూడు వారాలు దాటినా, ఉమ్మిలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఎక్స్‌రే తీయించండి. టీబీకి కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. టీబీ కాదని తేలినా, టీబీ మందులు వాడినా దగ్గు తగ్గకపోతే, "ఇంకేం పరీక్ష చేయాలండీ?" అని డాక్టర్ని గట్టిగా అడగండి.