విద్యార్థి పొదుపు – దానిని దాచదగిన చోటు

పండుగనాడు తాతగారిచ్చిన నూఱు రూపాయలును, పరీక్షయందు లభించిన బహుమానమును, దారి ఖర్చులలో మిగిలిన చిల్లరయు నేటి విద్యార్థుల చేతికి వచ్చుచునే యుండును. ఈ ధనము జేబులో నున్నచో మిఠాయి దుకాణము పాలగును. పెట్టెలో నున్నచో భద్రముగా నుండునేమో కాని పెరుగదు. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథను మన బాలబాలికలందఱు నెఱుగుదురు. దానిని సాహుకారులయొద్ద నుంచవలసినదని యజమానుడు వానిని మందలించెను. అయితే ఏ సాహుకారునియొద్ద నుంచవలయునన్నదే అసలు ప్రశ్న.

పేరు గొప్పదైనంతమాత్రమున ధనము భద్రము కానేరదు. చెన్నపట్టణమున దాదాపు నూఱేండ్లు వ్యాపారము నడపిన అర్బత్‌నాట్ కంపెనీ 1906వ సంవత్సరము అక్టోబరు మాసమున దివాలా తీసెను. దానిని నమ్మి సొమ్ము దాచుకొనిన కుటుంబము లనేకము నష్టపోయెను. 1960లో మలయాళ దేశమందలి పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన పిమ్మట, 1962లో మన దేశమున బ్యాంకు డిపాజిట్లకు భీమా ఏర్పడినది. ఈ భీమా పరిమితిని 2020లో ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలకు పెంచిరి. కావున సొమ్ము దాచుటకు ముందు, ఆ సంస్థకు ఈ భీమాగాని ప్రభుత్వపు హామీగాని కలదా యని విచారింపవలయును.

చిన్న మొత్తములకు తపాలా కచేరి మిక్కిలి తగినది. అచ్చటి సేవింగ్సు బ్యాంకు 1882లో ప్రారంభమైనది. దాని బాధ్యత ప్రభుత్వముదే. పదియేండ్లు నిండిన బాలుడుగాని బాలికగాని తన పేరనే ఖాతా తెరచి తానే నడపుకొనవచ్చును. ఖాతా తెరచుటకు 500 రూపాయలు చాలును. 2024లో వడ్డి నూటికి 4 రూపాయలు. అనగా 500 రూపాయలకు ఏడాదికి 20 రూపాయలు. ప్రతిమాసము పదవ తేదీ మొదలు మాసాంతము వఱకు గల కనిష్ఠపు నిలువమీదనే వడ్డి కట్టుదురు. కావున జమచేయువారు పదవ తేదీకి ముందుగా జమచేయుట లాభకరము.

నెలనెలకు కొంత కట్టగలవారికి రికరింగు డిపాజిట్టు కలదు. నెలకు 100 రూపాయల చొప్పున ఐదేండ్లు కట్టినచో కట్టిన సొమ్ము 6,000 రూపాయలగును. 2024లో నున్న నూటికి 6.7 వడ్డి చొప్పున అది 7,100 రూపాయలకు పైబడును. అయితే గడువు తీరకముందే ముగించినచో వడ్డి తగ్గును. కనుక వచ్చే ఏటి పుస్తకములకును, జీతమునకును వలయు సొమ్మును దీనియందు బంధింపరాదు. దానిని సేవింగ్సు ఖాతాలోనే యుంచవలయును.

ఇఁక హెచ్చరిక. ఆఱు మాసములలో సొమ్ము రెట్టింపగునని చెప్పువారు పల్లెలలోను, చేతి ఫోనులలోను కనబడుచుందురు. ఇట్టివారు తఱచుగా వెనుక చేరినవారి సొమ్మునే ముందు చేరినవారికి లాభమని పంచుచుందురు. చేరువారు తగ్గిననాడు అంతయు కూలును. అనుమతి లేని డిపాజిట్ పథకములను 2019 చట్టము నిషేధించినది. కాని పోయిన సొమ్మును తిరిగి పొందుట చట్టమున్నను సులభము కాదు.

మఱియొక అపాయము కలదు. కొందఱు విద్యార్థులకు కొంత రొక్కమిచ్చి, వారి బ్యాంకు ఖాతాను అద్దెకు తీసికొందురు. మోసముచేసి తెచ్చిన ధనము ఆ ఖాతాద్వారా నడచును. పోలీసువారు మొదట వెదకునది ఆ విద్యార్థినే. కావున ఖాతాను, రహస్య సంఖ్యను స్నేహితునికైనను ఇయ్యరాదు.

విద్యార్థులారా, మీ తలిదండ్రులతో ఆలోచించి, మొదట 500 రూపాయలు కూర్చుకొని తపాలా కచేరికి పొండు. బొట్టుబొట్టే చెఱువు నింపును. మొత్తము స్వల్పమే యైనను, ప్రతి మాసము లెక్క వ్రాసి దాచు అలవాటు మీ జీవితకాలమంతయు మీకు తోడుగా నుండును.